విహార టగ్గు

ఓడను లాగే చిన్న పడవను టగ్గు అంటారు. ఎత్తుగా లేచిన ముక్కు, నిటారుగా నిలబడే చుక్కాని గది, దాని వెనక పొగగొట్టం, నీళ్ళకు దగ్గరగా దిగిపోయిన వెనక తట్టు దాని గుర్తులు. ఈ రూపాన్ని ఉంచుకొని, లాగే పనిని వదిలిపెట్టి, లోపల వంటగది, పడకలు, స్నానాల గది అమర్చుకున్న సొంత పడవ విహార టగ్గు. ఇద్దరు మనుషులు వారాల తరబడి నీళ్ళ మీదే కాపురం ఉండడానికి అనువుగా దీన్ని కడతారు. పుట్టింది అమెరికా వాయవ్య తీరంలో, 1980 ప్రాంతాల్లో. గట్టిగా కట్టిన పడవ గనక ముప్పై నలభై ఏళ్ళ నాటివి కూడా ఇవాళ అమ్మకానికి వస్తున్నాయి. కొనేవారికి ఈ పాత పడవల సంగతి తెలియడం ఎంతో అవసరం.

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా గురుబరపల్లి వంటి లోతట్టు ఊరి నుంచి సముద్రం చూడాలంటే చెన్నపట్నమో కడలూరో పోవాలి. అయినా ఈ పడవలోని ముఖ్యమైన భాగం హోసూరు, కృష్ణగిరి జనానికి బాగా ఎరికైనదే. అది డీజిల్ ఇంజన్. పాత విహార టగ్గు మంచిచెడ్డలు సగానికి పైగా అక్కడే తేలతాయి. మిగతావి దాని అడుగు ఆకారంలో ఉంటాయి. ఆ ఆకారం ఎక్కడిదో తెలియాలంటే ముందు పని టగ్గు దగ్గర మొదలుపెట్టాలి.

లాగుడు పని

స్కాట్లండులో విలియం సిమింగ్టన్ అనే ఇంజనీరు కట్టిన షార్లెట్ డండాస్ అనే ఆవిరి పడవ 1803 మార్చిలో ఫోర్త్-క్లైడ్ కాలువలో చెరి 70 టన్నుల బార్జీలను రెండింటిని సుమారు 30 కిలోమీటర్లు లాగింది. తొమ్మిది గంటలు దాటి పట్టింది. ఆ రోజు ఎదురుగాలికి కాలువలో తక్కిన పడవలు కదలలేకపోయాయి. అయినా కాలువ యజమానులు దాన్ని కొనసాగించలేదు. పడవ తెడ్లచక్రం రేపే అలలకు గట్లు కోసుకుపోతాయని వాళ్ళ భయం. పనికొచ్చే టగ్గుగా మొదట నిలిచింది ఇదేనని నౌకా చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఆ తరవాత ముప్పై అయిదేళ్ళకే టగ్గు తెరచాప యుగానికి వీడ్కోలు చెప్పే స్థితికి వచ్చింది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన టెమెరెయిర్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకను 1838లో థేమ్స్ నది మీదుగా ముక్కలు చేసే చోటికి లాక్కుపోయినవి ఆవిరి టగ్గులే. చిత్రకారుడు టర్నర్ మరుసటి ఏడాది ఆ దృశ్యాన్ని బొమ్మగా వేశాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

అంత పెద్ద ఓడకు ఇంత చిన్న పడవ సాయం ఎందుకు? చుక్కాని దానంతటది ఓడను తిప్పదు. దాన్ని రాసుకుంటూ నీరు వేగంగా పారితేనే ఓడ తిరుగుతుంది. రేవులోకి వచ్చేటప్పుడు ఓడ వేగం తగ్గించక తప్పదు. వేగం తగ్గితే చుక్కానికి పట్టు పోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే పక్కగాలి తోస్తుంది, ప్రవాహం లాగుతుంది, ఎదురుగా రాతిగోడ ఉంటుంది. అప్పుడు ముందొకటి, వెనకొకటి టగ్గులు పట్టుకుంటే తప్ప ఓడ క్షేమంగా ఒడ్డు చేరదు. 2021 మార్చిలో 400 మీటర్ల ఎవర్ గివెన్ సూయజ్ కాలువలో అడ్డం పడి ఆరు రోజులు రాకపోకలను నిలిపేసినప్పుడు, ఇసుక తవ్వే డ్రెడ్జర్లతో కలిసి దాన్ని విడిపించినవి టగ్గులే.

టగ్గు సత్తాను హార్స్‌పవర్‌తో కాక లాగుడు బలంతో కొలుస్తారు. గట్టు మీది ఇనుప గుంజకు మోకు కట్టి, మధ్యలో కొలమానం పెట్టి, ఇంజన్ పూర్తిగా తెరిచి లాగిస్తారు. టగ్గు అంగుళం కదలకుండా ఎన్ని టన్నుల బలంతో లాగిందో అదే లెక్క. మోటుగా చెప్పాలంటే 100 హార్స్‌పవర్‌కు ఒక టన్ను, మంచి ప్రొపెల్లర్ అమరిక ఉంటే ఇంకాస్త ఎక్కువ వస్తుంది. దీనికి పెద్ద ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. నిండు లోడుతో ఘాట్ ఎక్కే లారీ మొదటి గేర్‌లో పోయినట్టన్నమాట. పెద్ద ప్రొపెల్లర్‌కు లోతైన అడుగు కావాలి, లోతైన అడుగు మీద బరువైన ఇంజన్ కూర్చోవాలి, ఆ బరువుకు వెడల్పైన పొట్ట ఉండాలి. మోకు అటూ ఇటూ తిరిగేందుకు వెనక తట్టు ఖాళీగా, నీళ్ళకు దగ్గరగా ఉండాలి. సరంగుకు నాలుగు వైపులా కనబడాలి గనక చుక్కాని గది ఎత్తుగా నిలబడుతుంది. టగ్గు అందమంతా ఇలా ఒక్కొక్క అవసరం నుంచి వచ్చిందే.

ఇందులో ప్రాణాంతకమైన ప్రమాదం ఒకటుంది. లాగుతున్న ఓడ హఠాత్తుగా పక్కకు పోతే మోకు టగ్గును అడ్డంగా గుంజుతుంది. క్షణాల్లో టగ్గు పక్కకు వాలి మునిగిపోతుంది. ఎందరో సరంగులు, కళాసీలు ఇలా పోయారు. అందుకే మోకు కొక్కాన్ని ఒక్క దెబ్బతో వదిలించే ఏర్పాటు తప్పనిసరి అయింది. 20వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చిన మార్పులు ఈ పనిని మరింత భద్రం చేశాయి. లుడ్విగ్ కోర్ట్ ప్రొపెల్లర్ చుట్టూ కంకణం వంటి గొట్టం తొడిగి లాగుడు బలం పెంచాడు. ఫోయిత్-ష్నైడర్ యంత్రం నిలువు రెక్కలతో ఏ దిక్కుకైనా తోపు ఇచ్చింది. షొట్టెల్ సంస్థ ప్రొపెల్లర్‌నే గుండ్రంగా తిప్పగల అమరిక తెచ్చింది. ఇవాళ్టి రేవు టగ్గు ఉన్నచోటే గిరికీ కొట్టగలదు, పక్కకు నడవగలదు.

తెలుగు తీరంలో టగ్గులు

విశాఖపట్నం రేవు 1933లో తెరుచుకుంది. సింధియా కంపెనీ ఓడ జలదుర్గ ఆ ఏడాది అక్టోబరు 7న లోపలికి వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సన్నటి ప్రవేశమార్గం, లోపల బురదనేల తవ్వి చేసిన హార్బరు. ఇటువంటి చోట టగ్గు లేకుండా పెద్ద ఓడను తిప్పడం సాధ్యం కాదు. ఈ రేవు కట్టడంలో పాత ఓడల పాత్ర కూడా ఉంది. అలల పోటు తగ్గించడానికి జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ప్రవేశమార్గం దగ్గర కావాలని ముంచి, రాళ్ళతో నింపి, అడ్డుకట్టగా మార్చారు. సరుకు మోసే వయసు దాటిన ఓడలు అలా అలలను ఆపే పనికి కుదురుకున్నాయి. 1976లో బయటి హార్బరు వచ్చాక ఇంకా పెద్ద ఓడలు రాసాగాయి, వాటితోపాటు టగ్గుల బలమూ పెరగవలసి వచ్చింది.

అదే ఊళ్ళో వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ఓడల కర్మాగారానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఓడ జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారిన ఈ సంస్థ సరుకు ఓడలతోపాటు టగ్గులూ కట్టింది. ఇటీవల భారత నౌకాదళానికి కట్టి ఇచ్చినవి 50 టన్నుల లాగుడు బలం గలవి.

కాకినాడలో టగ్గుది వేరే తీరు. గోదావరి మోసుకొచ్చిన ఇసుక హోప్ ఐలండ్‌గా పెరిగి అఖాతానికి అడ్డుగోడ అయింది. దాని చాటున నీరు నెమ్మదిగా ఉంటుంది గానీ లోతు తక్కువ. అందుకని ఓడలు దూరంగా లంగరు వేసి ఆగుతాయి. ఒడ్డున కాలువ గట్టు మీద బియ్యం బస్తాలు బార్జీల్లోకి ఎక్కుతాయి. టగ్గు ఆ బార్జీలను లాక్కుపోయి ఓడ పక్కన ఆనిస్తుంది, ఓడ తన క్రేన్లతో సరుకు పైకి తీసుకుంటుంది. 1997లో లోతైన నీటి రేవు వచ్చినా లంగరు రేవు పని ఆగలేదు. ఓడలకు ఒడ్డు చూపించే విశాఖ టగ్గుకు పేరుంది, ఫొటోలున్నాయి. బియ్యం బార్జీలను రోజంతా లాగే కాకినాడ టగ్గు గురించి రాసినవారు తక్కువ. దేశం నుంచి బయటికి పోయే బియ్యంలో ఎంతో భాగం ఈ మోకుల మీదుగా వెళ్ళింది. ఆ పనివాళ్ళ చరిత్ర విడిగా రావలసి ఉంది.

యంత్రం రాకముందు లాగినవాళ్ళు మనుషులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువల్లో సరుకు పడవలు తిరిగాయి. గాలి పడిపోతే పడవవాళ్ళు నడుముకు తాడు కట్టుకొని గట్టు వెంబడి నడుస్తూ పడవను లాగేవారు. ఆ దారులు కాలువ గట్ల మీద ఇంకా ఉన్నాయి.

ఆ లాగుడు విద్య నేటికీ కాకినాడ ప్రాంతంలో బతికుందని చెప్పడానికి విషాదకరమైన సాక్ష్యం ఉంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ట అనే విహార పడవ గోదావరిలో మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వరద ఉద్ధృతిలో, చాలా లోతున పడి ఉన్న ఆ పడవను అయిదు వారాలు దాటాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప మోకులతో, లంగర్లతో పైకి లాగింది. నీటి కింద పడవ ఎటు ఒరిగి ఉందో, ఏ వైపు నుంచి గుంజితే విరగకుండా వస్తుందో అనుభవం మీద లెక్కగట్టే మనుషులు వాళ్ళు.

ఇంకొక విషయం లోతట్టు ప్రాంతాల పాఠకులకు ఉత్సాహం కలిగిస్తుంది. దేశంలో రేవులకు టగ్గులు నడిపి ఇచ్చే ప్రైవేటు సంస్థల్లో అగ్రస్థానానికి ఎదిగిన ఓషన్ స్పార్కిల్ 1995లో మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం సముద్రం లేని హైదరాబాదులో. ఓడల మీద పనిచేసి వచ్చిన నిపుణులు కలిసి పెట్టిన ఆ సంస్థను 2022 ఏప్రిల్‌లో అదానీ పోర్ట్స్ కొంటున్నట్టు ప్రకటించింది. టగ్గు వ్యాపారానికి సముద్రపు గాలి కన్నా మనుషులనూ యంత్రాలనూ నడిపించే నేర్పు ముఖ్యమని ఈ ఉదాహరణ చూపిస్తుంది.

పని వదిలిన టగ్గు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ప్యూజెట్ సౌండ్ దుంగలను తెప్పలుగా కట్టి లాగే టగ్గులకు పేరు పొందిన జలమార్గం. అక్కడ నార్వే నుంచి వలస వచ్చిన థియా ఫాస్ అనే స్త్రీ 1889లో టకోమాలో 5 డాలర్లకు పాత తెడ్డు పడవను కొని, రంగు వేసి 15 డాలర్లకు అమ్మిందట. ఆ లాభంతో ఇంకొన్ని పడవలు కొని అద్దెకు తిప్పింది. ఫాస్ టగ్గుల కంపెనీ తన పుట్టుక కథను ఇలాగే చెప్పుకుంటుంది. పాత పడవను కొని బాగుచేసి అమ్మడం నుంచి పశ్చిమ తీరంలోకెల్లా పేరున్న టగ్గుల సంస్థ పుట్టిందన్నమాట. అదే 1889లో కట్టిన ఆర్థర్ ఫాస్ అనే టగ్గు 1933లో టగ్‌బోట్ యానీ అనే హాలీవుడ్ సినిమాలో కనిపించింది. ఇప్పుడది సియాటిల్‌లో పరిరక్షిత నౌక. ఆ ప్రాంతంలో పెరిగినవాళ్ళకు టగ్గు ఆకారం మీద ఉన్న మమకారం ఇలా తరతరాలుగా పేరుకున్నది.

1973, 1979 చమురు సంక్షోభాలు ఆ మమకారానికి ఆర్థిక కారణం జోడించాయి. పెట్రోలు తాగుతూ నీటి మీద ఎగిరే పడవలు బరువయ్యాయి. సరిగ్గా అప్పుడు, 1980 సియాటిల్ పడవల ప్రదర్శనలో, జెర్రీ హస్టెడ్ స్థాపించిన నార్డిక్ టగ్స్ సంస్థ లిన్ సెనూర్ గీసిన 26 అడుగుల విహార టగ్గును పెట్టింది. చిన్న డీజిల్ ఇంజన్, నిదానపు నడక, పెళ్ళాం మొగుడూ హాయిగా తిరగగల చోటు. జనం వెంటనే ఆదరించారు. తరవాత 32, 37, 42 అడుగులవి వచ్చాయి. 1980వ దశకంలోనే జిమ్ బ్యాకస్ రూపకల్పనతో లార్డ్ నెల్సన్ విక్టరీ టగ్గులు తైవాన్‌లో తయారయ్యాయి. చూపుకు పని టగ్గును అన్నిటికన్నా దగ్గరగా పోలేవి ఇవే, కలప పనితనంలోనూ మేలైనవి. లా కానర్ పట్టణంలో కట్టే అమెరికన్ టగ్ అడుగు కూడా సెనూర్ గీసిందే. రేంజర్ టగ్స్ మాత్రం వేరే దారి పట్టింది. 21, 25, 27 అడుగుల పడవలను ట్రైలర్ మీద ఎక్కించి కారుతో లాక్కుపోయేలా చేసింది. ప్రత్యేక అనుమతి లేకుండా అమెరికా రోడ్ల మీద పోగల వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. ఆ కొలతే వాటి వెడల్పును నిర్ణయించింది.

వీటిలో పని టగ్గు నుంచి నిజంగా వచ్చినదేది, అలంకారమేది అని విడదీసి చూడాలి. పొగగొట్టం చాలావాటిలో ఉత్తదే. పొగ నీళ్ళతో కలిసి వెనక నుంచి పోతుంది. ముక్కుకు చుట్టిన తాళ్ళ దిండు ఏ ఓడనూ తోయదు. చుక్కాని గది ఎత్తు మాత్రం నిజమైన లాభం: వానలో, చలిలో లోపల కూర్చుని నాలుగు దిక్కులూ చూస్తూ నడపవచ్చు. బరువును కిందకు ఉంచే అడుగు, దాని మధ్యగా వెన్నెముకలా పోయే కీల్ అనే దూలం కూడా నిజమైనవే. నీళ్ళలో తేలే దుంగ తగిలినా ప్రొపెల్లర్‌కు ఆ కీలే కాపు.

నీటిని చీల్చుకొని పోయే పడవకు వేగంలో హద్దు ఉంటుంది. నీటిగీత దగ్గర పొడవును అడుగుల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు గంటకు ఇన్ని నాటికల్ మైళ్ళని వస్తుంది. 36 అడుగులకు గంటకు 8 నాటికల్ మైళ్ళు, అంటే 15 కిలోమీటర్ల లోపు. అది దాటాలంటే పడవ తాను రేపిన అల మీదికి తానే ఎక్కాలి. పని టగ్గు ఆ ప్రయత్నం చేయదు. విహార టగ్గుల అడుగును మాత్రం వెనక భాగంలో కాస్త చదును చేసి, పెద్ద ఇంజన్ పెట్టి గంటకు 14, 15 నాటికల్ మైళ్ళ దాకా లాగగలిగేలా కడుతున్నారు. వేగం రెట్టింపు చేస్తే గంటకు తాగే డీజిల్ అయిదారు రెట్లు అవుతుంది. ఇంత చూశాక, విహార టగ్గును నిదానంగా నడిపేవాళ్ళే దాని విలువ పొందుతారనీ తొందరగా చేరాలనుకునేవాళ్ళు వేరే రకం పడవ చూసుకోవడం మంచిదనీ చెప్పక తప్పదు.

పాతది కొనేటప్పుడు

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. బెంగుళూరు కొలువుల మీదుగా హోసూరు వైపు నుంచి వెళ్ళినవారికీ ఆ ఊళ్ళు తెలుసు. అక్కడి లేక్ వాషింగ్టన్, లేక్ యూనియన్ మంచినీటి సరస్సులు. 1917లో తెరిచిన బల్లార్డ్ లాకుల గుండా అవి సముద్రంతో కలుస్తాయి. మంచినీటిలో కట్టేసి ఉంచిన పాత పడవకు ఉప్పునీటి తుప్పు తక్కువ. కాబట్టి పడవ ఇన్నేళ్ళూ ఎక్కడ ఉంది అన్నది మొదటి ప్రశ్న.

రెండోది, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది. లారీకి కిలోమీటర్ల లెక్క ఉన్నట్టే పడవకు గంటల లెక్క. 2,000, 3,000 గంటలు తిరిగిన డీజిల్ ఇంజన్‌ను చూసి భయపడనక్కరలేదు. ఇరవై ఏళ్ళలో 300 గంటలే తిరిగిన దాన్ని చూసే ఎక్కువ జాగ్రత్త పడాలి. తిరగని ఇంజన్‌లో సీళ్ళు ఎండిపోతాయి, చమురులో తేమ చేరుతుంది, ఉప్పునీటి గొట్టాలను తుప్పు లోపల నుంచి తింటుంది. 1990ల నాటి పెద్ద విహార టగ్గులు చాలావాటిలో ఉన్నది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల కమిన్స్ డీజిల్. అదే ఇంజన్ అమెరికాలో పికప్ ట్రక్కుల్లోనూ నడిచింది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. దానిలో బలహీనమైన చోటు గాలిని ఉప్పునీటితో చల్లబరిచే కూలర్. దాన్ని క్రమం తప్పకుండా విప్పి శుభ్రం చేయకపోతే నీరు సిలిండర్లోకి కారి ఇంజన్‌నే పాడుచేస్తుంది. ఎప్పుడు విప్పారో రాసిన పుస్తకం చూపించమని అడగాలి.

ఈ విషయం హోసూరు వాళ్ళకు చెప్పడం తేలిక. అశోక్ లేలాండ్ 1980లో అక్కడ కర్మాగారం తెరిచిన నాటినుంచి ఆ ఊరు డీజిల్ ఇంజన్ చుట్టూ పెరిగింది. లేలాండ్ ఇంజన్లను సముద్రపు పనికి మార్చి చేపల మరపడవల్లో బిగించడం మన తీరాల్లో దశాబ్దాలుగా ఉన్నదే. లారీలో ముందు నుంచి తగిలే గాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. పడవ అడుగున ఆ గాలి ఉండదు గనక బయటి నీటిని పంపు చేసి, దాని చలువతో ఇంజన్ నీటిని చల్లబరుస్తారు. సైలెన్సర్ గొట్టంలోకి కూడా నీళ్ళు పంపి వేడి అణచుతారు. లారీ మెకానిక్కుకు కొత్తగా కనిపించేవి ఈ నీటి దారులే. పడవ ఇంజన్ జబ్బుల్లో ఎక్కువ భాగం పుట్టేదీ అక్కడే.

ఇంజన్ చూడబోయే రోజు దాన్ని ముందే వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడు ఎంత సులువుగా అంటుకుంటుందో చూడాలి. నల్లటి పొగ భారం ఎక్కువైందనో గాలి చాలడం లేదనో చెబుతుంది. నీలి పొగ చమురు కాలుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తే కాలని డీజిలో, లోపలికి చేరిన నీరో కారణం. తరవాత నీళ్ళలోకి తీసుకుపోయి పూర్తిగా తెరిచి నడపాలి. కంపెనీ చెప్పిన గరిష్ఠ చక్కర్లు అందకపోతే ప్రొపెల్లర్ సరిపడనిదైనా అయి ఉండాలి, అడుగు నిండా నాచు, గుల్లలు పట్టైనా ఉండాలి, ఇంజన్ సత్తా తగ్గైనా ఉండాలి. చమురు నమూనాను పరీక్షకు పంపితే ఇనుము, రాగి పాళ్ళను బట్టి ఏ భాగం అరుగుతోందో తెలుస్తుంది. సోడియం కనబడితే ఉప్పునీరు లోపలికి వచ్చినట్టే.

పడవను నీళ్ళలోంచి పైకి ఎత్తించకుండా కొనకూడదు. తనిఖీదారు చిన్న సుత్తితో అడుగంతా తడుతూ పోతాడు. గట్టి ఫైబర్ ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట మొద్దు చప్పుడు చేస్తుంది. తేమ కొలిచే పరికరం పెట్టి చూస్తాడు. 1980ల నాటి ఫైబర్ పడవల అడుగున పొక్కులు లేవడం మామూలే. అవి చర్మరోగమేగానీ చాలాసార్లు ప్రాణం మీదికి రావు, బేరానికి పనికొస్తాయి. పై అంతస్తు నేలలో తడి చేరడం అంతకన్నా చాలా ఖర్చుతో కూడినది. తైవాన్‌లో కట్టిన పడవలకు టేకు చెక్కలు పరిచి మరలు బిగించేవారు. ఆ మరల రంధ్రాల గుండా నీరు దిగి లోపలి బాల్సా చెక్కను కుళ్ళబెడుతుంది. కిటికీ మూలల కింద చారికలు, పడక కింద బూజు వాసన, కొత్తగా వేసిన రంగు, వీటిని తీరిగ్గా చూడాలి. డీజిల్ ట్యాంకులు తుప్పు పట్టి కారితే వాటిని బయటికి తీయడానికి కొన్నిసార్లు ఇంజన్‌నే కదిలించవలసి వస్తుంది.

అడుగున బిగించిన జింకు ముక్కలు పడవలోని తక్కిన లోహాల బదులు తాము కరిగిపోవడానికి పెట్టినవి. ఉప్పునీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం, రెండింటికీ అల్యూమినియం పనికొస్తాయి. అవి ఏడాది తిరక్కుండానే పూర్తిగా కరిగిపోతుంటే కట్టేసిన చోట కరెంటు లీకవుతోందేమో వెతకాలి. అవి కొత్తగా మెరుస్తూ పక్కన ప్రొపెల్లర్ గులాబీ రంగుకు తిరిగి ఉంటే, మార్చింది అమ్మకం కోసమే అయి ఉంటుంది. కంచులోని జింకు అప్పటికే పోయింది.

కాగితాల విషయంలో మనవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతులున్నాయి. సముద్ర న్యాయంలో అప్పు మనిషిని కాదు, పడవను పట్టుకొని ఉంటుంది. పాత యజమాని మరమ్మతు షెడ్డుకు బాకీ పడితే, పడవ చేతులు మారినా ఆ బాకీ దాని వెంట వస్తుంది. కోస్ట్ గార్డ్ దగ్గర నమోదైన పడవకు యాజమాన్య చరిత్ర తీయించి చూడవచ్చు. ఆ నమోదు అమెరికా పౌరులకే. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవారు రాష్ట్ర ప్రభుత్వ నమోదుతో సరిపెట్టుకోవాలి. 1972 నవంబరు తరవాత కట్టిన ప్రతి పడవకూ వెనక తట్టు కుడివైపున 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. 1984 తరవాత కట్టినవాటిలో చివరి రెండు అంకెలు ఏ ఏడాది మోడలో చెబుతాయి. ఆ సంఖ్య కాగితాల్లోని సంఖ్యతో కలవకపోతే బేరం అక్కడే ఆపేయాలి. బయానాగా పది శాతం మధ్యవర్తి దగ్గర ఉంచి, తనిఖీ నచ్చకపోతే వెనక్కి తీసుకునే షరతు రాయించుకోవడం అక్కడి ఆనవాయితీ. కొన్నాక ఏటా ధరలో పదో వంతు దాకా పడవ కట్టేసే స్థలానికీ బీమాకూ మరమ్మతుకూ పోతుందని పడవలవాళ్ళ మోటు లెక్క. పడవ పాతబడేకొద్దీ ధర తగ్గుతుంది గానీ ఈ ఖర్చు తగ్గదు. చవకగా వచ్చిందని పెద్ద పడవ కొన్న కుటుంబాలు ఇక్కడే ఇబ్బంది పడతాయి.

మన జలాశయాలు, రాబోయే కాలం

గురుబరపల్లి చుట్టూ నీళ్ళంటే దక్షిణ పినాకిని. నంది హిల్స్‌లో పుట్టి, హోసూరు దగ్గర కెళవరపల్లి జలాశయం దాటి, కృష్ణగిరి ఆనకట్టకు చేరుతుంది. ఆ ఆనకట్ట నిండుమట్టం 52 అడుగులు, సాగునీటి కోసం కట్టినది. ఎండాకాలం తగ్గిపోయే ఇటువంటి నీటిలో లోతైన అడుగు గల టగ్గుకు చోటు లేదు. ఇక్కడి నీటికి తగ్గ పడవను జనం ఎప్పుడో కనిపెట్టారు. కావేరి మీద హొగెనకల్‌లో నేటికీ మనుషులను తిప్పే పుట్టి వెదురు అల్లిక, దాని మీద ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్. కీల్ లేదు, ముక్కూ వెనకా లేవు. అడుగు లోతు నీరుంటే చాలు, రాళ్ళ మధ్య దారి చేసుకుంటుంది. టగ్గు లాగుడు పనికి తగ్గట్టు పెరిగితే, పుట్టి ఈ రాతి నదికి తగ్గట్టు పెరిగింది. మన దేశంలో లోతట్టు నీటి మీద యంత్రపు పడవ నడపడానికి 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది, 1917 నాటి చట్టం స్థానంలో వచ్చినది. అమెరికాలో కొన్న విహార టగ్గును ఇక్కడికి తెచ్చుకోవాలని ఆశపడడం కన్నా అక్కడే తిప్పుకుని అక్కడే అమ్ముకోవడం మేలు.

టగ్గు లోకంలో వస్తున్న కొత్త మార్పు మాత్రం ఈ ప్రాంతానికి దగ్గరి సంగతి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో 2022 నుంచి స్పార్కీ అనే టగ్గు పూర్తిగా బ్యాటరీతో పనిచేస్తోంది. లాగుడు బలం 70 టన్నులు. భారత ప్రభుత్వం 2024లో హరిత టగ్గుల పథకం మొదలుపెట్టింది. దాని తొలి దశ 2027 చివరి దాకా. హోసూరులో ఏథర్ విద్యుత్ స్కూటర్లు తయారవుతున్నాయి, గురుబరపల్లి దగ్గరి సిప్‌కాట్ పారిశ్రామిక వాడలో విద్యుత్ పరికరాల సంస్థ డెల్టా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఉంది. లేలాండ్ డీజిల్‌తో పెరిగిన తరం పిల్లలు మోటార్లు, ఛార్జర్ల పనిలోకి వస్తున్నారు. రేవు టగ్గుకు బ్యాటరీ బాగా నప్పుతుంది. ఒక్కో పని గంటా రెండు గంటల్లో ముగుస్తుంది, మళ్ళీ అదే గట్టుకు వచ్చి ఛార్జి ఎక్కించుకుంటుంది. విహార టగ్గు సంగతి వేరు. అది రోజుల తరబడి ఛార్జరు లేని దీవుల మధ్య తిరగాలి. అందువల్ల జాగ్రత్తగా చూసుకున్న పాత డీజిల్ విహార టగ్గుకు గిరాకీ ఇంకొన్నేళ్ళు తగ్గే సూచనలు లేవు.